కంప్యూటరు చదువు: కాగితమా, పనితనమా?



కోరాపుట్, రాయగడ జిల్లాలలోని మన తెలుగు కుటుంబాలలో ఏ ఇద్దరు కలుసుకున్నా, క్షేమ సమాచారాల తరువాత వచ్చే మొదటి ప్రశ్న "మీ వాడు ఏ బ్రాంచి?" అన్నది. "కంప్యూటరు సైన్సండి" అని జవాబు. అడిగిన వారికీ చెప్పిన వారికీ అంతటితో తృప్తి. నాలుగేళ్ళు గడిచాక ఇంకొక ప్రశ్న పుడుతుంది. దీనిని పెద్దల ఎదుట అడగరు. యువకులు తమలో తాము అడుక్కుంటారు. "కంపెనీలు రెండేళ్ళ అనుభవం కావాలంటున్నాయి. లేని అనుభవం ఉన్నట్లు ఒక సర్టిఫికెట్టు పుట్టించుకుంటే తప్పేమిటి? అందరూ చేస్తున్నదే కదా?"

ఈ ప్రశ్నను "ఛీ, తప్పు" అని ఒక్క మాటతో తోసివేయడం సులభం. అలా తోసివేస్తే ఆ యువకుడు మన ముందు తల ఊపి, వెనుక తన పని తాను చేసుకుంటాడు. కావున దీనిని నిదానంగా, రెండు వైపులా చూద్దాం. ఇందులో ఒక్క ఉద్యోగం సంగతే కాదు, చదువు ఎందుకు అనే సంగతి కూడా ఉంది.

మన చదువుల దారి

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమయ్యే వరకు ఈ జయపురం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. అప్పుడే కొందరు తెలుగువారు బడి పంతుళ్ళుగా, గుమాస్తాలుగా, రైల్వే ఉద్యోగులుగా ఈ కొండలెక్కారు. 1960లలో జేకేపూర్ కాగితం మిల్లు, సునాబెడలో విమాన ఇంజన్ల కర్మాగారం వచ్చాయి. 1980లలో దామన్‌జోడికి నాల్కో వచ్చింది. ఫిట్టర్లు, టర్నర్లు, టైపిస్టులు, కెమిస్టులు వచ్చారు. 1992 అక్టోబరు 2న రాయగడ వేరే జిల్లా అయింది. 1997లో గుణుపురంలో ఇంజనీరింగు కళాశాల వెలసింది. అదే నేటి జి.ఐ.ఇ.టి. యూనివర్సిటీ. ఇప్పుడు మన పిల్లలు కొందరు అక్కడ, కొందరు విశాఖపట్నం, విజయనగరం, భువనేశ్వర్‌లలో కంప్యూటరు సైన్సు చదువుతున్నారు.

ఇక్కడ ఒక సంగతి పిల్లలకు చెప్పదగినది. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ గారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయల విరాళం ఏర్పాటు చేశారు. ఆ రోజుల్లో లక్ష అంటే సామాన్యమా! అక్కడి సైన్సు, టెక్నాలజీ కళాశాలకు ఆయన పేరే పెట్టారు. అనగా ఈ కొండల మీద రైతు కట్టిన శిస్తు సముద్రపు ఒడ్డున ప్రయోగశాలగా మారింది. విశాఖలో సైన్సు చదివే మన బిడ్డ తన తండ్రి కట్టిన ఫీజుతోనే చదువుతున్నానని అనుకోరాదు. ఏనాడూ బడి ముఖం చూడని వారి చెమట కూడా ఆ చదువులో ఉంది.

ఇంతకూ ఏమి నేర్చుకుంటారు?

కంప్యూటరు సైన్సు అంటే మీటలు నొక్కడం కాదు. ఒక పనిని తప్పు రాకుండా, తక్కువ శ్రమతో చేసే పద్ధతిని కనిపెట్టి, ఆ పద్ధతి ఎక్కడ పనికివస్తుందో, ఎక్కడ పనికిరాదో తెలుసుకోవడం. ఒక చిన్న ఉదాహరణ చెబుతాను.

వెయ్యి పేర్ల రిజిస్టరు అక్షరక్రమంలో ఉందనుకోండి. అందులో ఒక పేరు వెదకాలి. మొదటి నుండి చదువుతూ పోతే వెయ్యి పేర్లూ చూడవలసి రావచ్చు. అలా కాక రిజిస్టరును సరిగ్గా సగానికి తెరవండి. మనకు కావలసిన పేరు ముందు సగంలో ఉంటుందా, వెనుక సగంలోనా అన్నది తెలిసిపోతుంది. అక్కరలేని సగం వదిలివేయండి. మిగిలిన దానిని మళ్ళీ సగం చేయండి. పది సార్లకు మించకుండా పేరు దొరుకుతుంది. పది లక్షల పేర్లున్నా ఇరవై సార్లు చాలు. ఎంత చక్కని ఉపాయం!

అయితే ఇందులో ఒక షరతు ఉంది. రిజిస్టరు వరుసలో ఉండాలి. ఎవరో తొందరలో నాలుగు పేర్లు వరుస తప్పి ఎక్కించారనుకోండి. అప్పుడు ఈ పద్ధతి పేరు ఉండగానే "లేదు" అని చెబుతుంది. పైగా ఏ జంకూ లేకుండా చెబుతుంది. చదివిన వాడికి ఈ షరతు గుర్తుంటుంది, ముందుగా వరుస సరిచూస్తాడు. పరీక్ష కోసం బట్టీ పట్టిన వాడికి ఉపాయం గుర్తుంటుంది, షరతు గుర్తుండదు. మార్కుల జాబితాలో ఇద్దరికీ ఒకటే మార్కు. తేడా బయటపడేది పనిలోనే.

"లేదు" అనిపించుకున్న మనిషి ఎవరో కూడా ఆలోచించండి. ఇప్పుడు మన జిల్లాలలో రేషను బియ్యం, వృద్ధాప్యపు పింఛను, బ్యాంకు ఖాతా అన్నీ కంప్యూటరు జాబితాల మీదే నడుస్తున్నాయి. వేలిముద్ర కలవకపోయినా, పేరులో ఒక అక్షరం తేడా వచ్చినా, కొండ దిగి వచ్చిన ముసలమ్మ ఉత్త చేతులతో కొండ ఎక్కవలసిందే. ప్రోగ్రాము రాసిన వాడు ఆమెను ఎన్నడూ చూడడు. ఆమె కూడా అతనిని చూడదు. వారిద్దరి మధ్య నమ్మకం తప్ప మరొకటి లేదు.

యువకుల వాదన

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. యువకులు చెప్పే మాటల్లో బలం లేదని అనలేము.

మొదటిది, అనుభవం లేనిదే ఉద్యోగం ఇవ్వరు, ఉద్యోగం లేనిదే అనుభవం రాదు. గుణుపురంలోనో కోరాపుట్‌లోనో చదివిన పిల్లవాడికి చేయి అందించే వారు ఎవరు? పట్నం కాలేజీలకు వచ్చినన్ని కంపెనీలు ఇక్కడికి రావు. రెండవది, చదువుకు తెచ్చిన అప్పు నెత్తి మీద ఉంది. వాయిదా తేదీ ఎవరి కోసమూ ఆగదు. మూడవది, కంపెనీలు మాత్రం తమ గురించి అంతా నిజమే చెబుతున్నాయా? నాలుగవది, ఉద్యోగంలో చేరాక రాత్రింబగళ్ళు కష్టపడి నేర్చుకుంటాం గదా, ఇందులో ఎవరికి నష్టం?

మొదటి రెండు మాటలు న్యాయమైన బాధలు. వాటికి మనం, అనగా తల్లిదండ్రులం, పెద్దలం, ఉద్యోగాలలో స్థిరపడిన అన్నలం, జవాబు చెప్పాలి. అది తరువాత చెబుతాను. మూడవదానికి జవాబు చిన్నది. ఎదుటివాడి తూకపురాయి తప్పుడుదైనంత మాత్రాన మన రాయి సరైనదైపోదు. నాలుగవ మాటను మాత్రం విప్పి చూడాలి. "ఎవరికి నష్టం?"

ముగ్గురికి నష్టం

మొదటి వాడు పక్క బెంచీలోని స్నేహితుడు. అతనూ అప్పు చేసే చదివాడు. ఉన్నది ఉన్నట్లు రాసినందుకు అతని దరఖాస్తు కింద పడిపోయింది. "అందరూ చేస్తున్నారు" అనేటప్పుడు చేయని వాడు లెక్కలోకి రావడం లేదు. అతడున్నాడు. మన మధ్యనే ఉన్నాడు.

రెండవ వారు రేపు చదువు ముగించుకొని వచ్చే పిల్లలు. జర్మనీ తత్త్వవేత్త ఇమ్మానుయేల్ కాంట్ ఒక పరీక్ష పెట్టాడు. నీవు చేయబోయే పని అందరూ చేస్తే ఆ పని నిలుస్తుందా అని చూసుకోమన్నాడు. సంత ఉదాహరణ తీసుకుందాం. సంతలో ఒక్కడు తప్పుడు రాళ్ళు పెడితే వాడికి లాభం, ఎందుకంటే మిగిలిన వారి రాళ్ళు మంచివని జనానికి నమ్మకం. అందరూ తప్పుడు రాళ్ళు పెడితే ఏ రాయినీ ఎవరూ నమ్మరు. అనుభవం సర్టిఫికెట్టుకు అదే గతి పట్టింది. దొంగ సర్టిఫికెట్లు పెరిగిన కొద్దీ కంపెనీలు పాత ప్రావిడెంటు ఫండు ఖాతాలు, పాత జీతం చీటీలు తవ్వి చూస్తున్నాయి. ఆ అనుమానం భారం నిజమైన పిల్లవాడు కూడా మోయాలి.

మూడవ వారు ఆ ప్రోగ్రాము మీద ఆధారపడిన జనం. ఇది ఊహ కాదు. ఇంగ్లాండులో పోస్టాఫీసు లెక్కలకు ఫుజిట్సు కంపెనీ తయారు చేసిన "హొరైజన్" అనే సాఫ్ట్‌వేరు 1999 నుండి వాడారు. అందులోని లోపాల వలన చాలా చోట్ల లెక్కలో డబ్బు తగ్గినట్లు కనిపించింది. కంప్యూటరు తప్పు చెప్పదని పై అధికారులు మొండికేశారు. 1999–2015 మధ్య 900 మందికి పైగా చిన్న పోస్టుమాస్టర్లు దొంగలుగా శిక్షపడ్డారు. కొందరు జైలుకు వెళ్ళారు. కొందరు ఇళ్ళు అమ్ముకున్నారు. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. లోపం సాఫ్ట్‌వేరులోనే ఉండవచ్చునని 2019లో హైకోర్టు తేల్చింది. ఆ శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేయడానికి 2024లో చట్టమే చేయవలసి వచ్చింది. పాతికేళ్ళు! "నాకు ఇది సరిగా తెలియదు", "ఇందులో తప్పుంది" అని చెప్పవలసిన చోట చెప్పవలసిన వారు నోరు విప్పకపోతే జరిగేది ఇది. మరి తనకు తెలియనిది తెలుసునని చెప్పి ఉద్యోగంలో చేరిన వాడు, "నాకు తెలియదు" అని ఏ నోటితో చెప్పగలడు? ఆ మాట చెబితే మొదటి అబద్ధం బయటపడుతుంది. దొంగ సర్టిఫికెట్టులో ఉన్న అసలు హాని ఇదే. అది ఒక మనిషికి "నాకు తెలియదు" అనే స్వేచ్ఛ లేకుండా చేస్తుంది.

"ఒక్కసారే కదా"

"ఒక్కసారే, తరువాత నిజాయితీగా ఉంటాం" అనే వారికి మన తెలుగునాటి సంగతే ఉంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు తానే లేఖ రాసి, లేని నగదు ఉన్నట్లు ఏళ్ళ తరబడి లెక్కలలో చూపామని ఒప్పుకున్నారు. మొదట చిన్న తేడాగా ప్రారంభమైనది అదుపు తప్పి పెరిగిపోయిందని అందులోనే రాశారు. వేలాది తెలుగు కుటుంబాలకు అన్నం పెట్టిన కంపెనీ అది. మొదటి తేడాను కప్పడానికి రెండవది, రెండవదానిని కప్పడానికి మూడవది. అబద్ధానికి కూడా వడ్డీ ఉంటుంది, అదీ చక్రవడ్డీ.

"పైవారు చెప్పారు, మేము చేశాం" అనే మాట కూడా నిలవదు. ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ తన డీజిలు కార్లలో ఒక ప్రోగ్రాము పెట్టింది. పొగ పరీక్ష జరిగేటప్పుడు దానిని గుర్తుపట్టి పొగ తగ్గించి చూపుతుంది. రోడ్డు మీద మామూలే. 2015లో ఇది బయటపడేసరికి ప్రపంచమంతటా సుమారు 1 కోటి 10 లక్షల కార్లలో అది ఉంది. 2017లో అమెరికా కోర్టు జేమ్స్ లియాంగ్ అనే ఇంజనీరుకు 40 నెలల జైలు వేసింది. ఆయన యజమాని కాదు, జీతగాడే.

కాగితపు యూనివర్సిటీలు

విదేశాలకు వెళ్ళాలనుకునే వారు ఈ రెండు పేర్లు గుర్తుపెట్టుకోవాలి. అమెరికాలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీని 2011 జనవరిలో అధికారులు మూసివేశారు. అక్కడ చేరిన సుమారు 1,500 మందిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్ పిల్లలే. వందల మంది ఒకే అపార్టుమెంటులో ఉంటున్నట్లు రికార్డులు చూపాయి. కొందరి కాళ్ళకు నిఘా పట్టీలు తగిలించారు. 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సంగతి బయటపడింది. దానికి పాఠాలు లేవు, పంతుళ్ళు లేరు. అది అమెరికా ప్రభుత్వమే పెట్టిన వల. మొదట పట్టుబడిన 130 మంది విద్యార్థులలో 129 మంది భారతీయులు, అందులో తెలుగువారు అనేకులు.

ప్రభుత్వమే అలా వల పన్నడం న్యాయమా అన్నది వేరే ప్రశ్న. తెలియక మోసపోయిన పిల్లలు కూడా వారిలో ఉన్నారు. వారిని నిందించడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ దుకాణాలకు గిరాకీ ఎందుకు వచ్చిందో ఆలోచించాలి. యూనివర్సిటీ అంటే నేర్చుకునే చోటని కాక, టిక్కెట్టు ఇచ్చే కిటికీ అని మన ఇళ్ళలో నమ్మకం కుదిరింది. టిక్కెట్టు కొనేవాడు రైలు ఎలా నడుస్తుందో అడగడు కదా.

మూలం ఇంట్లోనే

కావున తప్పంతా కుర్రవాడి మీద వేసి మనం పక్కకు తప్పుకోరాదు. అతని చేత అబద్ధం రాయించే ఒత్తిడి చాలాసార్లు మన ఇంట్లోనే పుడుతుంది. పిల్లవానికి లెక్కలంటే ఇష్టమా, మనుష్యులతో పని ఇష్టమా, చేతిపని ఇష్టమా అని అడగకుండా బ్రాంచి నిర్ణయిస్తాం. మంచి నర్సు కాగల అమ్మాయిని, మంచి ఎలక్ట్రీషియను కాగల అబ్బాయిని కంప్యూటరు ముందు కూర్చోబెడతాం. ఊరిలో పొలం తాకట్టు పెడతాం. ఆపైన "నీ కోసమే ఇదంతా" అని ప్రతి రోజూ గుర్తుచేస్తాం. ఆ భారం కింద నలిగిన పిల్లవాడు దొంగ కాగితం వైపు చూస్తే ఆశ్చర్యమేమున్నది?

చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గారు మొదట చదివినది సివిల్ ఇంజనీరింగు. మనిషి మాటను యంత్రం ఎలా అర్థం చేసుకోగలదు అన్న ప్రశ్న ఆయనను పట్టుకుంది. దాని వెంట ఏళ్ళ తరబడి నడిచారు. 1994లో కంప్యూటరు రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆయనను నడిపించినది ఒక ప్రశ్న. మన పిల్లలకు బ్రాంచి ఉన్నది, ప్రశ్న ఉన్నదా?

ఇప్పుడు ఈ సంగతి మరింత తొందరది. 2022 చివర నుండి మాటల్లో అడిగితే ప్రోగ్రాము రాసిపెట్టే యంత్రాలు వచ్చాయి. మామూలు ప్రోగ్రాములను అవి నిమిషాలలో రాస్తున్నాయి, ఒక్కొక్కసారి తప్పులు కూడా ధైర్యంగా రాస్తున్నాయి. కావున రాయడం కంటే, రాసినది సరైనదో కాదో చెప్పగలగడం, "దీనికి నేను బాధ్యుడను" అని నిలబడగలగడం ముఖ్యమైపోయింది. కాగితం మాత్రమే ఉన్న వాడికి ఇక చోటు తగ్గుతుంది.

మనం చేయగలిగినది

యువజనులకు మొదట ఒక మాట. చిన్నదైనా నిజమైన అనుభవం సంపాదించండి. వీధి చివర కిరాణా కొట్టుకు అప్పుల ఖాతా చేసిపెట్టండి. మన సహవాసపు సభ్యుల పట్టికను, చందా లెక్కను ప్రోగ్రాముగా చేయండి. రెండు నెలలు ఎవరైనా దానిని వాడితే, వారు చెప్పే తప్పులు దిద్దితే, అదే అనుభవం. "ఇంత చేశాను, ఇంతవరకే తెలుసు" అని ధైర్యంగా రాయవచ్చు. ఐ.ఐ.టి. పంతుళ్ళ పాఠాలు ఎన్‌పీటెల్, స్వయం ద్వారా ఉచితంగా వినవచ్చు. ఇంటర్వ్యూకు తన బదులు వేరొకరిని కూర్చోబెట్టే వారి దగ్గరకు, డబ్బు తీసుకొని అనుభవం పుట్టించే వారి దగ్గరకు వెళ్ళకండి.

మన ప్రాంతపు పిల్లలకు ఒక ప్రత్యేకమైన ఆస్తి ఉన్నది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో దేశియా, కువి, సవర మాటలు వింటూ పెరిగారు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. ఫారాలలో "మొదటి పేరు, చివరి పేరు" అని గళ్ళుంటే ఆధార్‌లో ఒకలా, బ్యాంకులో మరొకలా పడి ఎన్ని తిప్పలు పడుతున్నామో మనకు తెలుసు. ఆ గళ్ళు గీసిన వాడికి తెలియదు. ఆ తిప్పలు పడిన ఇంటి బిడ్డ ప్రోగ్రాము రాస్తే ఆ గడి వేరుగా ఉంటుంది. గుణుపురం ప్రాంతంలో మంగేయి గొమాంగో 1936లో సవర భాషకు వెలుగులోకి తెచ్చిన సొరాంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడులో చేరింది. అనగా ప్రపంచంలోని కంప్యూటర్లన్నిటికీ మన కొండల అక్షరాలు తెలియడానికి దారి ఏర్పడింది. ఇటువంటి పనులు ఇంకా ఎన్నో చేయవలసి ఉన్నవి.

హైదరాబాదు, బెంగుళూరు, విదేశాలలో స్థిరపడిన అన్నలకు, అక్కలకు ఒక మనవి. ఏడాదికి ఒక్క పిల్లవానిని, లేక ఒక్క పిల్లను ఎంచుకోండి. వారు చేసిన పనిని చూసి నిర్మొహమాటంగా తప్పులు చెప్పండి. రెండు నెలలు నిజమైన పని నేర్పండి. యోగ్యులైతే మీ కంపెనీలో ఒక మాట చెప్పండి. అనుభవం లేనిదే ఉద్యోగం రాదనే గోడకు మీరే తలుపు. ఆ తలుపు మూసి ఉంచి, కిటికీలో నుండి దూకిన వాడిని తిట్టడం న్యాయం కాదు.

తల్లిదండ్రులకు చివరి మాట. మీ బిడ్డ మొదటి ఏడు ఖాళీగా ఉంటే చుట్టుపక్కల వారి మాటలకు జంకకండి. "నాకు ఇంకా ఉద్యోగం రాలేదు" అని నిజం చెప్పగల బిడ్డను ఇంట్లో తలెత్తుకొని తిరగనివ్వండి. ఇంట్లో ఆ మాట అనగలిగిన వాడే రేపు కంపెనీలో "ఈ లెక్కలో తప్పుంది" అనగలడు. ఎక్కడో ఒక కొండ మీద, ఎవరో ఒక ముసలమ్మ పింఛను ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉండవచ్చు.

అందరూ ఆలోచించి, మీ మీ ఇళ్ళలో పిల్లలతో కలిసి మాట్లాడుకోవలసిందిగా మనవి.